లూజ్, లూస్: ఒక ‘ఓ’ ఎక్కడ, రెండు ‘ఓ’లు ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎల్-ఓ-ఎస్-ఈ అని ఒక మాట, ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ అని ఇంకో మాట. రెండూ మీ నోట్లో ‘లూజ్’ అనే పలుకుతాయి. రాయాల్సి వచ్చినప్పుడల్లా ఏది పెట్టాలో తేలక టెన్షన్. మొన్న ఒక మెయిల్‌లో ‘ఈ క్లయింట్ మన చేయి దాటిపోవచ్చు’ అని చెప్పబోయి రెండు ‘ఓ’లున్న మాట రాశారు. పై అధికారి చూసి నవ్వారు. ఇక మర్చిపోకుండా ఉండే దారి కావాలి, ఆ మెయిల్ సరిచేసి మళ్లీ పంపాలా వద్దా అన్నది కూడా తెలియాలి.

ముందు సమాధానం చెప్పేస్తాను.

ఒక ‘ఓ’ ఉంటే పోవడం. రెండు ‘ఓ’లు ఉంటే వదులు.

వస్తువు పోయినా, ఆట ఓడిపోయినా, బరువు తగ్గినా, ఆశ పోయినా ఒకే ‘ఓ’. చొక్కా వదులుగా ఉన్నా, మర వదులైనా, కట్టేసిన కుక్కను వదిలిపెట్టినా రెండు ‘ఓ’లు. మొదటిది ఎప్పుడూ క్రియే. రెండోది నూటికి తొంభై పాళ్లు విశేషణం. పలకడంలోనూ తేడా ఉంది: మొదటిది ‘జ్’ లాంటి ధ్వనితో, రెండోది ‘స్’తో ముగుస్తుంది. అందుకని ఇక్కడి నుంచి ఒక ‘ఓ’ ఉన్నదాన్ని లూజ్ అని, రెండు ‘ఓ’లున్నదాన్ని లూస్ అని రాస్తాను.

తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు. ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు రాతప్రతులు దిద్దుతున్నాను, మధ్యలో కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పాను. ఒక్క ముక్క బట్టీ పడితే ఈ తప్పు పోవడం నేను చూడలేదు. ఎందుకు వస్తోందో తెలిస్తేనే పోతుంది.

మన తెలుగువాళ్లకి ఈ తప్పు రావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ‘లూజు’ అనే మాట ఎప్పుడో తెలుగైపోయింది. ప్యాంటు లూజైంది అంటాం, స్క్రూ లూజ్ చెయ్యి అంటాం, లూజ్ కనెక్షన్ అంటాం, మనిషి కాస్త తేడాగా ఉంటే ‘వాడొక లూజు’ అని కూడా అనేస్తాం. వీటన్నిటికీ మూలం రెండు ‘ఓ’లున్న మాటే. అంటే ‘స్’తో ముగియాల్సింది. మనం దాన్ని తెచ్చుకునేటప్పుడే ‘జ’ చేసి తెచ్చుకున్నాం. దాంతో ‘లూజ్’ అనే ధ్వని వినగానే మన మనసులో మెదిలేది వదులు. తర్వాత బళ్లో ‘పోగొట్టుకోవడం’ అనే అర్థంతో నిజమైన లూజ్ వచ్చింది. అప్పటికే ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుని ఉన్నారు!

తమాషా ఏమిటంటే ‘లూజర్’ అనే మాటను మాత్రం మనం సరిగ్గా పలుకుతాం. ఓడిపోయినవాడు లూజర్, ఒక ‘ఓ’, ‘జ’ ధ్వని. మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క మాటను పట్టుకుని వెనక్కి రావచ్చు. లూజర్ చేసే పని లూజ్.

ఇప్పుడు ధ్వని సంగతి. ఇంగ్లీషు వర్ణమాల చివరి అక్షరం ‘జడ్’ ఉంది చూడండి, ఆ ధ్వని తెలుగులో లేదు. మనం ‘జ’ అనేటప్పుడు నాలుక పైన తగిలి, గాలిని ఒక్క క్షణం ఆపి, ఆ తర్వాత విడుస్తుంది. జత, జాము లాంటి మాటల్లో దంతాల దగ్గర పలికే ఇంకో ‘జ’ ఉంది, పాత పుస్తకాల్లో ‘ౙ’ అని పైన చిన్న గుర్తు పెట్టి అచ్చేసేవారు. అది కొంచెం దగ్గరే కానీ అందులోనూ నాలుక తగలాల్సిందే. ఇంగ్లీషు ధ్వనిలో నాలుక దేనికీ అతుక్కోదు. సన్నని సందులోంచి గాలి ఆగకుండా పోతూ ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లందరితో ఒక చిన్న పని చేయిస్తాను. గొంతు మీద రెండు వేళ్లు ఆనించండి. పాము బుస కొట్టినట్టు ‘స్స్స్స్’ అని లాగండి. వేళ్లకి ఏమీ తెలియదు. నాలుకను ఉన్నచోటే ఉంచి, గాలి ఆపకుండా, తుమ్మెద రొద చేసినట్టు గొంతు కలపండి. వేళ్ల కింద అదురు తెలుస్తుంది. ఆ అదురుతో ముగిసేది లూజ్. బుసతో ముగిసేది లూస్. పదిసార్లు ఒకదాని తర్వాత ఒకటి అంటే చెవి కూడా తేడా పట్టడం మొదలుపెడుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు చేయండి.

ఇంకో అపోహ ఉంది. ‘రెండు ఓలు ఉన్నాయి కదా, దాన్ని లూ... అని బాగా సాగదీయాలి, ఒక ఓ ఉన్నది టక్కున అనాలి’ అని చాలామందికి ఎవరో చెప్పి ఉంటారు. అసలు సంగతి తలకిందులు. ఇంగ్లీషులో ‘జ్’ లాంటి గొంతు కలిసిన ధ్వని ముందు అచ్చు కాస్త సాగుతుంది, ‘స్’ లాంటి ధ్వని ముందు కాస్త కుదించుకుంటుంది. కాబట్టి ఒకే ‘ఓ’ ఉన్న లూజ్‌లోనే ‘లూ’ పొడుగు. రెండు ‘ఓ’లున్న లూస్‌లో పొట్టి. అక్షరాలు లెక్కపెట్టి పలికితే ఇంగ్లీషులో దారి తప్పుతాం.

ఈ స్, జ్ గొడవ ఈ రెండు మాటలతో ఆగదు. ‘వాడకం’ అనే నామవాచకమైతే యూస్, ‘వాడు’ అనే క్రియ అయితే యూజ్, స్పెల్లింగ్ మాత్రం ఒకటే. ఇల్లు హౌస్, చోటిచ్చి ఉంచడం హౌజ్. సాకు ఎక్స్‌క్యూస్, మన్నించడం ఎక్స్‌క్యూజ్. సలహా అడ్వైస్, సలహా ఇవ్వడం అడ్వైజ్, ఇక్కడ స్పెల్లింగ్ కూడా మారుతుంది. తలుపు మూయడం క్లోజ్, దగ్గర అనే అర్థంలో క్లోస్. మనం ‘క్లోజ్ ఫ్రెండ్’ అంటాం కానీ అది క్లోస్ ఫ్రెండ్. క్రియ అయితే తుమ్మెద, కాకపోతే పాము అని నేను చెబుతుంటాను. ఇది అన్నిచోట్లా చెల్లే సూత్రం కాదు. ప్రామిస్, ప్రాక్టీస్ లాంటివి క్రియ అయినా పామే. లూస్‌ని క్రియగా వాడినా పామే, దాని సంగతి కిందకి వస్తుంది. కానీ మీరడిగిన జంట వరకు ఈ గుర్తు బాగా పనిచేస్తుంది.

అయితే ధ్వని బాగా తెలిసినవాళ్లు, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా ఈ తప్పు రాస్తారు. వాళ్ల నోట్లో రెండూ వేరు, చేతిలో మాత్రం ఒకటి. అందుకు కారణం ఇంగ్లీషు స్పెల్లింగే, ముఖ్యంగా ‘చూజ్’ అనే మాట. ఎంచుకోవడం అనే అర్థంలో చూజ్‌కి రెండు ‘ఓ’లు ఉంటాయి, చివర ‘జ్’ పలుకుతుంది. అది చూసిన చేయి ‘లూజ్‌కి కూడా రెండు ఉండాలి కదా’ అనుకుంటుంది. పైగా చూజ్‌కి భూతకాలం చోజ్, అందులో ఒక ‘ఓ’ తగ్గుతుంది. దాంతో కొందరు రెండు ‘ఓ’లది వర్తమానం, ఒక ‘ఓ’ది భూతకాలం అని సొంతంగా ఒక వ్యాకరణం కట్టుకుంటారు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సరిగ్గా ఇలాగే రాసేది. ఒక్క తప్పు కూడా గుడ్డిగా చేసేది కాదు, అన్నీ తన సూత్రం ప్రకారమే చేసేది. అడిగితే ‘చూజ్, చోజ్ లాగే కదండీ’ అంది. తర్కం బాగుంది, భాష ఒప్పుకోదు. లూజ్‌కి భూతకాలం లాస్ట్, అంతే.

లూస్‌కి మాత్రం బలగం ఉంది. బాతు జాతి పక్షి గూస్, మెడకు బిగించే ఉచ్చు నూస్, కొమ్ముల జింక లాంటి మూస్. అన్నిటికీ రెండు ‘ఓ’లు, అన్నీ బుసతోనే ముగుస్తాయి. లూజ్‌కి అలాంటి బలగం లేదు. ‘ఎవరిది’ అని అడిగే హూజ్ ఒక్కటే దానికి సరైన తోడు: ఒకే ‘ఓ’, చివర తుమ్మెద. కొంచెం దూరంగా మూవ్, ప్రూవ్ ఉన్నాయి, ఒక ‘ఓ’తోనే ‘ఊ’ పలికేవి. మిగతా నోజ్, రోజ్, పోజ్ అన్నీ ‘ఓజ్’ అని వేరే దారిలో పోతాయి. తోడులేని మాటలనే చేయి ఎక్కువ మర్చిపోతుంది.

ఇక అర్థం దగ్గరికి వద్దాం. ఇక్కడ ఇంగ్లీషువాళ్లకి లేని సౌకర్యం మనకి ఉంది. ‘వదులు’ అనే తెలుగు మాట చూడండి. ‘ముడి వదులుగా ఉంది’ అంటే విశేషణం. ‘బాణం వదులు’ అంటే క్రియ. లూస్ కూడా అచ్చం ఇంతే. వదులుగా ఉన్న ముడి లూస్, బాణం వదలడమూ లూస్. ఒకే మాట, అవే రెండు పనులు, రెండు భాషల్లోనూ. ఇంత చక్కగా అతికే జంటలు ఎక్కువ దొరకవు. అందుకని నేను చెప్పే పరీక్ష ఇది: రాయబోయే చోట ‘వదులు’ పెట్టి చూడండి. అతికితే రెండు ‘ఓ’లు. ‘పోవు’, ‘ఓడు’, ‘కోల్పోవు’ అతికితే ఒక ‘ఓ’.

‘పులి ఆన్ ద లూస్’ అంటే కట్టు తప్పి తిరుగుతోందని. ‘లెట్ లూస్’ వదిలిపెట్టడం. ‘లూస్ ఎండ్స్’ ముడి పడకుండా వదిలేసిన కొసలు, అంటే ఇంకా తేలని చిన్న పనులు. ‘లూస్ ట్రాన్స్‌లేషన్’ మూలాన్ని గట్టిగా పట్టుకోని అనువాదం. ‘లూస్ షీట్స్’ కుట్టకుండా విడిగా వదిలిన కాగితాలు. ‘లూస్ టాక్’ నోటికి అదుపు లేని మాట, పట్టు సడలిన నాలుక. అన్నిటి అడుగునా ఉన్నది వదులే.

ఈ పరీక్షలో ఒక గుంట ఉంది, ముందే చెబుతాను. ‘వదులుకోవడం’. అవకాశం వదులుకున్నాడు, ఉద్యోగం వదులుకున్నాడు అంటాం. ఇందులో ‘వదులు’ కనబడుతోంది కదా అని లూస్ రాస్తే తప్పు. తెలిసి, కావాలని విడిచిపెట్టడం కాబట్టి ఇంగ్లీషులో ‘గివ్ అప్’ సరిపోతుంది. మన ప్రమేయం లేకుండా చేయి దాటిపోతే లూజ్. ‘ఉద్యోగం వదులుకున్నాడు’, ‘ఉద్యోగం పోయింది’ తెలుగులో ఎంత వేరో ఇంగ్లీషులోనూ అంతే వేరు. ఒకసారి ఒకతను తన దరఖాస్తులో పాత ఉద్యోగాన్ని తానే మానేసిన సంగతి చెప్పబోయి ‘లాస్ట్ మై జాబ్’ అని రాసుకున్నాడు. స్పెల్లింగ్ శుభ్రంగా ఉంది. అర్థం మాత్రం వాళ్లే తీసేశారని వచ్చింది. ఇలాంటివి ఏ కంప్యూటరూ పట్టదు.

లూజ్ అర్థాలు తెలుగువాళ్లకి విసుగు తెప్పిస్తాయి, ఎందుకంటే మనకి ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది. తాళం పోగొట్టుకుంటాం, ఆట ఓడిపోతాం, రక్తం కోల్పోతాం, దారి తప్పుతాం, బరువు తగ్గుతాం, వ్యాపారంలో నష్టపోతాం, సహనం నశిస్తుంది, లెక్క తప్పుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ ఒక్క లూజ్ నెత్తినే. గడియారం రోజుకి ఐదు నిమిషాలు వెనకబడితే అది కూడా ఐదు నిమిషాలు లూజ్ అవుతోందనే అంటారు. పోయినవాటి గురించి చెప్పేటప్పుడు రెండు చిన్న జాగ్రత్తలు. ‘అతని చేతిలో ఓడిపోయాను’ అనడానికి ‘లాస్ట్ ఫ్రమ్ హిమ్’ అని రాస్తుంటారు, అది ‘లాస్ట్ టు హిమ్’. ఇక బస్సు అందకపోతే ‘మిస్’ అవడమే, లూజ్ కాదు. బస్సుని లూజ్ చేశారంటే దాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయారన్నమాట.

బరువు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేను దిద్దిన తప్పుల్లో ఎక్కువసార్లు కనబడింది ‘లూస్ వెయిట్’ అని రెండు ‘ఓ’లతో రాయడం. నాకు తోచిన కారణం ఇది. బరువు తగ్గితే బట్టలు వదులవుతాయి. రెండు ఆలోచనలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక మాట రాయబోయి చేయి పక్కింటి తలుపు తడుతుంది. దీనికి నేను నేర్పే వాక్యం ఒకటే: లూజ్ వెయిట్, దెన్ క్లోత్స్ ఆర్ లూస్. బరువులో ఒక ‘ఓ’ తగ్గింది, బట్టల్లో ఒక ‘ఓ’ చోటు మిగిలింది. రెండు ‘ఓ’ల మాటను కాగితం మీద చూడండి, మధ్యలో ఖాళీ ఎక్కువగా, వదులుగా కనబడుతుంది. చిన్నపిల్లలకి చెప్పే కిటుకే, కానీ పెద్దవాళ్లకి కూడా పనిచేస్తోంది.

ఇప్పుడు నా సొంత పొరపాటు. ఇది చెప్పకుండా దాటేస్తే న్యాయం కాదు.

దిద్దుబాటు పనిలో చేరిన కొత్తల్లో ఒక యంత్రం వాడకం పుస్తకం నా చేతికి వచ్చింది. అందులో ఒకచోట ‘డు నాట్ లూస్ ద స్క్రూస్’ అని ఉంది, రెండు ‘ఓ’లతో. నేను చూసీ చూడగానే నవ్వుకున్నాను. మళ్లీ అదే తప్పు అనుకుని ఎర్ర కలంతో ఒక ‘ఓ’ కొట్టేశాను. ‘మరలు పోగొట్టుకోకండి’, ఎంత చక్కని హెచ్చరిక! చిన్న మరలు, కింద పడితే దొరకవు కదా. ఎవరినీ అడగలేదు. అచ్చుకి వెళ్లే ముందు చివరి ప్రతి ఇంజనీరు దగ్గరికి వెళ్తే ఆయన ఫోన్ చేశాడు. ‘ఆ నాలుగు మరల మీదే లోపలి స్ప్రింగు ఆగి ఉంటుంది. వాటిని వదులు చేస్తే స్ప్రింగు మొహాన తంతుంది. పోగొట్టుకోవద్దని ఎవరు రాశారు?’ అన్నాడు. రాసినవాడు చెప్పదలచుకున్నది ‘వదులు చేయకండి’. అందుకు మామూలు మాట లూసెన్. అతను దాన్ని కుదించి లూస్ అని పెట్టాడు, నేను దాన్ని లూజ్ చేసి పూర్తిగా వేరే హెచ్చరిక తయారు చేశాను. అతనిది సగం తప్పు. నాది నిండు తప్పు.

అప్పటి నుంచి రెండు ‘ఓ’లు కనబడగానే ఒకటి కొట్టేయడం మానేశాను. వాక్యం రెండు రకాలుగానూ అర్థమిస్తుంటే రాసినవాళ్లని అడుగుతాను. మీరు కూడా వేరేవాళ్ల మెయిల్‌లో ఈ తప్పు చూసి దిద్దాలనిపిస్తే ఒక్క క్షణం ఆగండి.

ఆ లూసెన్ గురించి ఇంకో మాట. బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయడం లూసెన్. పూర్తిగా వదిలేయడం లూస్. స్క్రూ లూసెన్ చేస్తారు, బాణాన్ని లూస్ చేస్తారు. ఈ రెండో క్రియ ఇప్పటి రోజువారీ రాతలో అరుదు, కథల్లోనో పాత శైలిలోనో కనబడుతుంది. దాని భూతకాలం లూస్డ్. ఆఫీసు మెయిళ్లలో మీకు దానితో పని పడదు. కాబట్టి ఆఫీసు రాతల్లో క్రియగా రెండు ‘ఓ’లు కనబడితే అది దాదాపు ఎప్పుడూ తప్పే అనుకోవచ్చు. ‘అన్‌లూస్’ అని కూడా ఒక మాట ఉంది. ‘అన్’ చేర్చారు కాబట్టి వదులుకి వ్యతిరేకంగా బిగించడం అనుకుంటాం. కాదు, దానికీ విప్పడమనే అర్థం. ఇంగ్లీషు మీద నాకున్న ఫిర్యాదుల జాబితాలో ఇది పైనే ఉంటుంది.

మిగతా కుటుంబాన్ని త్వరగా చూసేద్దాం. లాస్ నామవాచకం, నష్టం. ‘ఐ లాస్ మై కీస్’ అని రాయకూడదు, ‘లాస్ట్’ కావాలి. మనం తెలుగులో ‘లాస్ అయ్యాను’ అంటూ దాన్ని క్రియలా వాడుకుంటాం, ఆ అలవాటే ఇంగ్లీషులోకి జారుతుంది. లూజింగ్ ఒక ‘ఓ’. లూజర్ ఒక ‘ఓ’. లూసర్ రెండు ‘ఓ’లు, అంటే ఇంకొంచెం వదులైనది. ఎవరినైనా తిట్టబోయి రెండు ‘ఓ’లు రాస్తే అతన్ని వదులు మనిషి అన్నట్టవుతుంది. తిట్టు అతనికి కాకుండా రాసినవాళ్లకే తగులుతుంది.

ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి ఎందుకు ఇంతగా పోలి ఉన్నాయని ఎప్పుడైనా అనిపించిందా? పోలిక ఊరికే రాలేదు, దూరపు చుట్టరికం ఉంది. లూజ్ పాత ఇంగ్లీషులో ‘లోసియన్’ అనే క్రియ నుంచి వచ్చింది, నశించిపోవడం దాని తొలి అర్థాల్లో ఒకటి. లూస్ పాత నార్స్ భాషలోని ‘లౌస్’ నుంచి వచ్చింది. ఉత్తర ఐరోపా నుంచి ఓడల మీద వచ్చిన వైకింగులు ఇంగ్లండులో స్థిరపడ్డాక వాళ్ల భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఎన్నో మాటల్లో ఇదొకటి. ఎగ్, స్కై, విండో కూడా అలా వచ్చినవే. ఇంకా వెనక్కి వెళితే రెండూ ఒకే మూలధాతువు నుంచి పుట్టాయని భాషాశాస్త్రం చెబుతుంది. దాని అర్థం విడదీయడం, తెంపడం. మాటల చివర ‘లేని’ అనే అర్థంతో వచ్చే ‘లెస్’ ఉంది కదా, హోమ్‌లెస్, హోప్‌లెస్ లాంటి మాటల్లో, అది కూడా లూస్‌కి చుట్టమే. గ్రీకు నుంచి వచ్చిన అనాలిసిస్‌లోని చివరి భాగమూ ఆ ధాతువుదే, చిక్కు విడదీయడం కాబట్టి. సంస్కృతంలో కోయడాన్ని ‘లవనం’ అంటారు, కొడవలికి ‘లవిత్రం’ అని పేరు. అవి కూడా ఈ వంశంలోవే అంటారు. కోస్తే విడిపోతుంది, విడిపోతే వదులవుతుంది, వదులైతే పోతుంది. అర్థాలు అలా ఒకదాని వెంట ఒకటి జారుకుంటూ వచ్చాయి.

అందుకే ఈ తికమక మీతో మొదలైంది కాదు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటంలోనే ‘పోగొట్టుకోవడం’ అనే అర్థంలో రెండు ‘ఓ’ల స్పెల్లింగ్ కనబడుతుంది. అప్పటికి స్పెల్లింగ్ ఇంత బిగుసుకోలేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారు, అది తప్పు కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు లాంటివి వచ్చాక ఒక్కో మాటకి ఒక్కో రూపం స్థిరపడుతూ వచ్చింది. మీ పై అధికారికి ఈ ముక్క చెప్పమని కాదు. మీ మనసు కాస్త కుదుటపడుతుందని చెబుతున్నాను.

ఇక రోజువారీ జాగ్రత్త. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి మామూలు స్పెల్ చెక్ ఎర్ర గీత వేయదు. ఇప్పటి కొత్త సాఫ్ట్‌వేర్లు వాక్యం చూసి చాలావరకు పడతాయి, కానీ నా స్క్రూల వాక్యం లాంటిది వస్తే వాటికీ తెలియదు. నేను చేసేది చాలా సాదా పని. ఫైలు అయిపోయాక వెతికే పెట్టెలో ఎల్-ఓ-ఓ-ఎస్ అని కొట్టి, కనబడిన ప్రతిచోటా ‘వదులు’ పెట్టి చదువుతాను. ఒక ‘ఓ’ వైపు వెతకను. ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో చాలావరకు అదనంగా ‘ఓ’ చేర్చినవే. ‘వదులు చొక్కా’కి ఒక ‘ఓ’ తక్కువ రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పదిసార్లు ఇలా వెతికాక వెతకాల్సిన అవసరమే తగ్గుతుంది, రాసేటప్పుడే చేయి ఆగుతుంది.

చివరగా మీ మెయిల్ సంగతి. మీరు రాసిన వాక్యాన్ని అక్షరాలా చదివితే ‘ఈ క్లయింట్‌ని మనం కట్లు విప్పి వదిలేయవచ్చు’ అన్నట్టు ఉంది. పై అధికారి నవ్వింది అందుకే అయి ఉంటుంది, మీ మీద చులకనతో కాకపోవచ్చు. అది మీ ఆఫీసు లోపలి మెయిల్ అయితే సరిచేసి మళ్లీ పంపకండి. ఒక్క అక్షరం కోసం ఇంకో మెయిల్ వస్తే మొదటిసారి గమనించనివాళ్లు కూడా వెనక్కి వెళ్లి వెతుకుతారు. ఆ మెయిల్‌నే ముందుకు పంపాల్సి వస్తే, లేదా అందులోని వాక్యం ఏదైనా రిపోర్టులోకి వెళ్తుంటే అప్పుడు మాత్రం మీ చేత్తో ఆ రెండో ‘ఓ’ తీసేసి పంపండి. క్లయింట్‌కే నేరుగా వెళ్లి ఉంటే కూడా విడిగా క్షమాపణ వద్దు. తర్వాత రాసే మెయిల్‌లో అదే మాట సరిగ్గా వాడేయండి, చాలు.